వేడికి వాకిలి ఏది?

చలువను అమ్ముదుమని బోర్డులు కట్టిన అంగళ్ళు నేడు ఏ పట్టణమున చూచినను కానవచ్చును. నిజము విచారించినచో చలువను అమ్మువాడు లోకమున ఒక్కడును లేడు. చలువ యనునది తయారు చేయుటకు వీలగు సరకు కాదు. వేడి తొలగినచోట మిగులునదే చలువ. ఎంత వెలగల యంత్రమైనను చేయగలిగినది ఒక్కటే: ఇక్కడి వేడిని ఎత్తి అక్కడ పడవేయుట. కావున ఏసీ కొనదలచినవాడు మొదట అడుగవలసినది "ఎన్ని టన్నులు?" అని కాదు, "ఇందలి వేడి ఎక్కడికి పోవును?" అని.

పడకగదిలో ఈ ప్రశ్నను కొంత ఏమరినను నడచును. మోటారు గ్యారేజిలో ఏమరినచో నడవదు. అచ్చట సొమ్ము వృథా యగుటయే గాక, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వాటిల్లును.

కడప జిల్లాకు నైరుతి దిక్కున నున్న పులివెందుల ప్రాంతమునే తీసికొందము. చీనీతోటలు, అరటితోటలు, వేరుశనగ చేలు గల సీమ ఇది. పెక్కు తోటలకు బోరుబావి నీరే ఆధారము. మే నెలలో బోరుమోటారు కాలిపోయినచో, ప్రొద్దు వాలువరకు ఓర్చుకొనుమని చెట్టుకు చెప్పలేము. రైతు మోటారును బండిమీద వేసికొని పట్టణమునకు పరుగెత్తి వచ్చును. అది నడిమధ్యాహ్నమైనను వైండింగు చేయువాడు పనికి కూర్చుండక తప్పదు. ట్రాక్టరు మెకానికు సంగతియు అంతే. అతడు పనిచేయు చోటు ఎట్టిది? నాలుగు ఇనుప స్తంభములు, మూడు గోడలు, ముందు ఇనుప షట్టరు, నెత్తిన రేకులు.

మైదాన ప్రాంతములలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరినగాని వాతావరణ శాఖవారు వడగాడ్పు మాట ఎత్తరు. వేసవిలో ఆ గీటు దాటుట కడప జిల్లాకు వింత కాదు. రేకుల క్రింద వేడి అంతకంటెను హెచ్చు. ఎండకు రేకు 60 డిగ్రీలు దాటి కాగును. కాగిన పెనము చుట్టును సెగ చిమ్మినట్లు అది క్రిందివారి నెత్తిన కాకను చిమ్మును. ఫ్యాను గాలిని కదల్చగలదు గాని ఈ కాకను ఆపజాలదు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా మరణించిరి. అందు పెక్కుమంది వృద్ధులు, కాయకష్టము చేయువారు. కావున మెకానికు తన షెడ్డును చల్లబరచుకొనదలచుట విలాసమని ఎవ్వరును వెక్కిరింపరాదు. అది అతని హక్కు. ఏ విధముగ చల్లబరచుకొనవలెననునదే ఇచ్చట విచారణీయము.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 13వ విభాగమున ఈ మాట స్పష్టముగనే వ్రాయబడియుండెను. పనిచోట తాజాగాలి ఆడవలెను. ఉష్ణోగ్రత పనివారికి సుఖము చెడకుండునంతటిదై యుండవలెను. అంతేకాదు, గోడలును పైకప్పును వేడిని వీలైనంత తగ్గించు వస్తువులతో, ఆ తీరున కట్టబడవలెను. చట్టము వ్రాసినవారు యంత్రమును పేర్కొనకమునుపే కప్పును పేర్కొనిరి. కాని ఆ చట్టము ప్రకారము కరెంటుతో నడచు పనిచోట పదిమందికి తక్కువ పనివారున్నచో అది ఫ్యాక్టరీ యనిపించుకొనకుండెను. ముగ్గురో నలుగురో పనిచేయు రేకుల షెడ్డు ఆ విధముగ ఆ చట్టపు నీడకు వెలుపలనే ఉండిపోయినది.

పాత మిద్దె చెప్పు పాఠము

ఏసీ ఎరుగని కాలమున ఈ సీమవారు వేడితో ఎట్లు వేగిరి? రాయలసీమలో ఇప్పటికిని అక్కడక్కడ నిలిచియున్న చవుడు మిద్దెను చూచినచో తెలియును. మందమైన గోడలు, వాటిపై దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై కట్టెలో బండలో పరచి, దానిమీద మట్టి, ఆ పైన చవుడు. వానకాలము రాకమునుపు క్రొత్త చవుడు తెచ్చి మిద్దెకు పోయుట ఇంటింటికి ఒక పని. నడినెత్తిన కాసిన ఎండ ఆ మట్టి మందమును దాటి లోనికి దిగునప్పటికి ప్రొద్దు క్రుంకును. అప్పటికి ఇంటిల్లిపాది పడకలు తీసికొని మిద్దెమీదికి ఎక్కుదురు. వేడి లోనికి వచ్చువేళకు మనుష్యులు వెలుపల నుందురన్న మాట. తెల్లవారునప్పటికి చల్లని ఆకాశము క్రింద మిద్దె తన వేడిని విడిచి మరునాటికి సిద్ధమగును.

ఇక రెండవది గవాక్షము. గోవు కన్ను అని ఆ మాటకు వ్యుత్పత్తి. మిద్దె నడుమ ఆకాశమునకు తెరచిన రంధ్రమది. వెలుతురు దిగుటకును, వంటింటి పొగ పోవుటకును అదే త్రోవ. వాన వచ్చినప్పుడు దానిపై ఒక బండయో రేకుముక్కయో కప్పుదురు. వేడెక్కిన గాలి తేలికయై పైకి లేచును. పైన త్రోవ యున్నచో వెడలిపోవును. అది వెడలినకొలది క్రింది వాకిలినుండి క్రొత్తగాలి వచ్చి చేరును. పైన నొకటి, క్రింద నొకటి, ఈ రెండు త్రోవలు ఉన్నచోట గాలి తానై నడచును.

మిద్దె కట్టిన పనివాడు ఉష్ణశాస్త్రము చదువలేదు. అయినను రెండు ప్రశ్నలకు జవాబు చెప్పి పోయినాడు. వేడి లోనికి రాకుండుట ఎట్లు? చవుడు. వచ్చినది పోవుట ఎట్లు? గవాక్షము. నేటి రేకుల షెడ్డులో ఈ రెండును లేవు. పలుచని రేకు ఎండను క్షణములో లోనికి దింపును. కప్పున త్రోవ లేకుండుటచే వేడిగాలి నెత్తిమీదనే గుమిగూడి నిలుచును. అట్టి షెడ్డులో ఏసీ పెట్టుట ఓటికుండలో నీరు పోయుటయే.

మంచుగడ్డ చేసిన ప్రయాణము

వేడిని రానీయకుండుట ఎంతటి పనియో తెలుపు కథ యొకటి కలదు. 1833లో అమెరికా దేశపు బోస్టను రేవునుండి ఫ్రెడరిక్ ట్యూడర్ అను వర్తకుడు టస్కనీ యను ఓడపై కలకత్తాకు మంచు పంపెను. శీతకాలమున చెరువులపై గడ్డకట్టిన మంచును కోసి ఎక్కించినదే గాని యంత్రముతో చేసినది కాదు. బయలుదేరినప్పుడు అది సుమారు 180 టన్నులు. భూమధ్యరేఖను రెండుమార్లు దాటి నాలుగు నెలలు సముద్రముపై నడచి వచ్చునప్పటికి సుమారు 100 టన్నులు మిగిలియుండెను. ఆ మంచును అంతకాలము కాపాడినది ఏ యంత్రమును కాదు. దాని చుట్టును కూరిన రంపపు పొట్టు. పిదప మద్రాసు సముద్రతీరమునను ఇట్టి మంచును దాచుటకై ఐస్‌హౌస్ వెలసెను. 1897లో వివేకానంద స్వామి బస చేసిన ఆ భవనము నేడు ఆయన పేరనే నిలిచియున్నది.

ఏసీల అంగడిలో నేటికిని వినవచ్చు "టన్ను" అను మాట ఆ మంచు వ్యాపారపు రోజులనాటి జ్ఞాపకమే. ఒక టన్ను మంచు ఒక దినమున కరగుటకు ఎంత వేడి కావలెనో, అంత వేడిని ఒక దినమున తీసివేయు శక్తియే ఒక టన్ను. నేటి లెక్కలో అది మూడున్నర కిలోవాట్లు. యంత్రపు బరువునకును దీనికిని ఏ సంబంధమును లేదు.

మరియొక విశేషము. నేటి ఏసీకి మూలపురుషుడనదగిన విల్లిస్ క్యారియర్ 1902లో తన మొదటి యంత్రమును రచించినది రాజభవనమునకు కాదు, పడకగదికి కాదు; న్యూయార్కు బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయమునకు. గాలిలో తేమ హెచ్చి తగ్గుటచే కాగితము సాగి ముడుచుకొని, రంగుమీద రంగు సరిగా పడకుండెను. ఆ కాగితమును కాపాడుటకై పుట్టినది ఆ యంత్రము. పనిచోట పుట్టిన యంత్రము, పనివానికొరకు గాక సరకుకొరకు పుట్టినది. నూరేండ్లు గడచిన పిమ్మట ఇప్పుడు పనివాడు దానిని తనకొరకు అడుగుచున్నాడు.

రేకు క్రింది లెక్క

ఇరువది అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు గల షెడ్డును తలచుకొనుడు. కప్పు వైశాల్యము సుమారు ఇరువదిరెండు చదరపు మీటర్లు. వేసవి మధ్యాహ్నమున ఎండ ఒక్కొక్క చదరపు మీటరుపై సుమారు ఒక కిలోవాటు చొప్పున పడును. అనగా ఆ రేకులపై ఇరువదిరెండు కిలోవాట్ల నిప్పు కురియుచున్నదన్న మాట. అందులో ఐదవవంతు మాత్రమే లోనికి దిగినదనుకొనినను నాలుగు కిలోవాట్లు దాటును. ఒక టన్ను యంత్రమును కొని పెట్టినచో దాని శక్తియంతయు ఆ రేకులతో పోరాడుటకే చాలదు. పనివానికి మిగులునది ఏమియు లేదు.

ఇంతటితో తీరలేదు. వంద కిలోల ఇంజను కాగి షెడ్డులోనికి వచ్చినదనుకొందము. అది ఏబది డిగ్రీలు చల్లారుటకు విడుచు వేడిని తీసివేయవలెనన్నచో ఒక టన్ను యంత్రము పది నిమిషములకు పైగా మరియే పనియు పెట్టుకొనక శ్రమింపవలెను. ఆ బండిని వెలుపల చెట్టునీడన ఒక గంట నిలిపినచో ఆ పనిని గాలియే కూలి అడుగక చేసిపెట్టును.

కావున ఏసీకి వెల ఇచ్చుటకు ముందు కప్పునకు కొంత వెచ్చింపవలెను. రేకులపై సున్నమో, ఎండను త్రిప్పికొట్టు తెల్లని పూతయో పూయుట అన్నిటికంటె చౌక. శుభ్రమైన తెల్లని పూత తనపై పడిన ఎండలో సగమునకు మించి ఆకాశమునకే త్రిప్పి పంపును. దుమ్ము పేరినకొలది ఆ గుణము తగ్గును గనుక ఏటేట పూయవలెను. చవుడు పోయుట ఏటేటి పనియైనట్లే ఇదియును. ఈ చిన్న ఉపాయమును ప్రభుత్వములును గుర్తించినవి. చలువ కప్పులకై ఐదేండ్ల విధానము నొకదానిని తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించెను. పిదప రేకులకు క్రింద ఒక జానెడు ఎడము విడిచి లోకప్పు వేయవలెను. ఆ ఎడములోని గాలి పోవుటకు రెండు కొసలను త్రోవ విడువవలెను. లోకప్పునకు గడ్డి మాత్రము పనికిరాదు. పెట్రోలును, వెల్డింగు నిప్పురవ్వలును ఉన్నచోట బోదగడ్డి చలువయే గాని చావును తెచ్చిపెట్టును.

గొట్టము చేయు మోసము

ఇప్పుడు యంత్రము మాట. చక్రములమీద నడిపించుకొనుచు ఎక్కడికైనను తీసికొనిపోదగిన ఏసీ యొకటి అంగళ్ళలో అమ్మకమునకు కలదు. గోడకు బిగింపనక్కరలేదు. వెనుకనుండి ఏనుగు తొండమువంటి గొట్టము వచ్చును. దాని కొసను కిటికీలో పెట్టినచో వేడి వెలుపలికి పోవును. బాడుగ షెడ్డులో నున్నవానికి ఇది మనసునకు నచ్చును. కాని ఇందులో ఒక మెలిక కలదు.

గొట్టమునుండి వెలుపలికి పోవు గాలి ఎక్కడిది? షెడ్డులోనిదే. ఇప్పుడే చల్లబరచిన గాలిలో కొంత తీసికొని, దానిచే తన వేడిని మోయించి, వెలుపలికి తోయుచున్నది యంత్రము. అది గంటకు మూడువందల ఘనమీటర్ల గాలిని తోసినదనుకొనినచో, ఎనుబది ఘనమీటర్ల షెడ్డులోని గాలి గంటకు దాదాపు నాలుగు మార్లు మారిపోవును. పోయిన గాలి స్థానమున గాలి రాక తప్పదు. షట్టరు సందులనుండి, రేకుల అలల క్రిందనుండి, తలుపు అడుగునుండి 42 డిగ్రీల వీథిగాలి దూరి వచ్చును. ముందు వాకిట చల్లని గాలి ఇచ్చి, వెనుక వాకిట వడగాలిని పిలుచుచున్నదన్న మాట. ఆ గొట్టమును స్వయముగ కాగి గది నడుమ పొయ్యిగొట్టమువలె సెగ విడుచును.

రెండు గొట్టములు గల యంత్రము ఇంతకంటె మేలు. ఒక గొట్టమున వెలుపలి గాలిని తెచ్చుకొని, దానికే వేడిని అప్పగించి, రెండవ గొట్టమున పంపివేయును. లోని గాలిని ముట్టదు. ఒకే గొట్టము గలదానిని పెట్టక తప్పనివారు గొట్టమును వీలైనంత పొట్టిగ, మడతలు లేకుండ ఉంచి, దానిపై వేడి ఆపు చుట్టు చుట్టవలెను. కిటికీలో గొట్టము చుట్టునున్న ఖాళీని మూసివేయవలెను. గొట్టమును వెలుపలికి పెట్టక షెడ్డులోనే ఒక మూలకు త్రిప్పినచో, అది ఫ్రిజ్జు తలుపు తెరచిపెట్టి వంటింటిని చల్లబరచుట వంటిది. ఫ్రిజ్జు ముందు చల్లగ నుండును, వెనుక కాగును. కరెంటు తెచ్చిన వేడియు కలిసి మొత్తముమీద వంటిల్లు మునుపటికంటె వేడెక్కును.

గోడకు బిగించు స్ప్లిట్ ఏసీలో ఈ చిక్కు లేదు. లోని పెట్టెకును వెలుపలి పెట్టెకును నడుమ పోవునది గాలి కాదు, రాగి గొట్టములలోని వాయువు. అది లోన ఆవిరియై వేడిని పీల్చుకొనును. వెలుపల ద్రవమై వేడిని విడుచును. మన వంటిమీది చెమట ఆరునప్పుడు కలుగు చలువయే మూసిన గొట్టములలో మరల మరల జరుగుచున్నదని తలపవచ్చును. లోనుండి మూడున్నర కిలోవాట్ల వేడిని తీయు యంత్రము, తాను త్రాగు సుమారు ఒక కిలోవాటు కరెంటును కలుపుకొని, నాలుగున్నర కిలోవాట్లను వెలుపల కుమ్మరించును. అంత వేడి పోవుటకు వెలుపలి పెట్టెకు ఎదుట చోటు కావలెను. దానిని షెడ్డులోపలనే గోడకు తగిలించుటయు, మూడు ప్రక్కల మూసిన గూటిలో బిగించుటయు, విడిచిన ఊపిరినే మరల పీల్పించుటయే. పడమటి ఎండ తగులని చోట, గాలి ఆడునట్లు, దుమ్ము తుడుచుటకు చేయి అందునట్లు దానిని పెట్టవలెను.

ఒక హెచ్చరిక. నేటి ఏసీలలో తరచుగ వాడు ఆర్-32 వాయువు కొంచెము మండు స్వభావము గలది. ఆర్-290 అనునది ప్రొపేను. అది బాగుగ మండును. గ్యాసు గొట్టములకు కారుపు కలిగినప్పుడు, ఇనుము అతికిన చేతికి రాగి ఒక లెక్కయా యని మెకానికు తానే వెల్డింగు టార్చి పట్టరాదు. ఆ పని తెలిసినవానిచే చేయింపవలెను.

మూసిన షట్టరు వెనుక

ఏసీ నిలువవలెనన్న షట్టరు దింపవలెను. ముప్పు ఇచ్చటనే పొంచియున్నది. స్ప్లిట్ ఏసీ లోని గాలినే మరల మరల త్రిప్పును, తాజాగాలిని తేదు. షట్టరు దింపి, సందులు మూసి, చల్లగ నున్నదికదా యని ఇంజను స్టార్టు చేసి చూచినచో పొగతోపాటు కార్బన్ మోనాక్సైడు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని ఎఱ్ఱకణములను అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో పట్టుకొనును. ముందు తలనొప్పి, పిదప మత్తు, పిదప పడిపోవుట. ఎండదెబ్బకును మొదటి గురుతులు ఇట్లే యుండుటచే తోడివారు పొరబడి, ఏసీని ఇంకను హెచ్చించి పడుకొనబెట్టుటయు జరుగవచ్చును. మూసిన షెడ్డులో ఇంజను ఒక్క నిమిషమైనను నడుపరాదు. బాటరీలకు చార్జింగు పెట్టినప్పుడును మూసియుంచరాదు. ఆ వేళ వెలువడు హైడ్రోజను నిప్పురవ్వకు పేలును. ఈ రెండు పనులును వెలుపలనే జరుగవలెను.

దీనినుండియే ఉపాయము తోచును. గ్యారేజినంతటిని చల్లబరచ నక్కరలేదు. బండ్లు నిలుచు భాగము తెరచియుండనిచ్చి, దానికి నీడయు, గాలియు, పైకప్పున ఒక త్రోవయు కల్పింపవలెను. వెనుక మూలన పదియడుగుల చదరముగ ఒక అర కట్టుకొనవలెను. వైండింగు చుట్టుట, కార్బురేటరు విప్పుట, ఎలక్ట్రానిక్ పని, లెక్క వ్రాసికొనుట, మధ్యాహ్నపు కూడు, అరగంట విశ్రాంతి, ఇవన్నియు ఆ అరలో జరుగును. చిన్నచోటు గనుక చిన్న యంత్రము చాలును. ఏసీ 24 డిగ్రీలవద్ద ప్రారంభమగునట్లు 2020 జనవరినుండి కేంద్రప్రభుత్వము నియమము చేసినది. 42 డిగ్రీలనుండి వచ్చినవానికి 28 డిగ్రీలును ఫ్యాను గాలియు ఉన్నచో స్వర్గమే.

మన నేలలోని రాతినార

గొట్టమునకు కన్నము ఎక్కడ చేయుదురు? గోడ త్రవ్వుటకంటె రేకుకు కన్నము పెట్టుట సులభమని పెక్కుమందికి తోచును. ఇనుప రేకైనచో చిక్కు లేదు. సిమెంటు రేకైనచో ఆగవలెను. ఆ రేకులలో సిమెంటుతోపాటు ఆస్‌బెస్టాస్, అనగా రాతినార, కలిసియుండును. పులివెందులవారికి ఇది క్రొత్త వస్తువు కాదు. ఆ తాలూకా బ్రాహ్మణపల్లె పరిసరములలో తీగలు తీగలుగ రాతినార దొరకుటచే గనులు వెలసినవి. అగ్నికి కాలదనియు, తుప్పు పట్టదనియు లోకము దానిని మెచ్చుకొనిన కాలమది. పిదప దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేరి సంవత్సరములు గడచిన పిమ్మట మచ్చలను, క్యాన్సరును కలిగించునని తేలినది. అన్ని రకముల రాతినారయు క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థ తేల్చి చెప్పినది. 1986లో కేంద్రప్రభుత్వము క్రొత్త గనులకు అనుమతులిచ్చుట నిలిపివేసెను.

కదపక యుంచిన రేకు అంతగా హాని చేయదు. దానిని రంపముతో కోసినప్పుడు, డ్రిల్లుతో తొలిచినప్పుడు, పూతకు ముందు పొడిగ గీకినప్పుడు నార లేచి గాలిలో కలియును. మూసిన ఏసీ గదిలో అది గిరగిర తిరుగుచుండును. కావున గొట్టమునకు త్రోవ గోడలో చేయవలెనే గాని సిమెంటు రేకులో కాదు. తెల్లపూత పూయువాడును రేకును గీకక, తడిపి మెల్లగ కడిగి పూయవలెను. చల్లదనముకొరకు తొలిచిన కన్నము ఇరువదియేండ్ల తరువాత దగ్గై పలుకరాదు.

నీటి వెల, పొరుగు గోడ

ఏసీ కొనలేనివాని గతి యేమి? అతనికి కూలరు కలదు. అంతకుముందే వట్టివేళ్ళ తడిక యుండెను. మన సీమ వేసవి పొడివేసవి యగుటచే నీటి చలువ ఇచ్చట బాగుగ పారును. లీటరు నీరు ఆవిరియగుటకు గాలినుండి లాగుకొను వేడి పెద్దది. గంటకు ఐదు లీటర్లు ఆవిరియైనచో అది దాదాపు ఒక టన్ను ఏసీ తీయు వేడికి సమానము; కరెంటు ఖర్చు మాత్రము ఒక ఫ్యానుకు, చిన్న పంపునకు అగునంతయే. అయితే కూలరుకు ఏసీకి వ్యతిరేకమైన పద్ధతి కావలెను. ఏసీ గది మూయుమనును, కూలరు తెరువుమనును. ఎదుటి ప్రక్క త్రోవ లేనిచో తేమ పేరి ఉక్క పోయును, పానాలకు తుప్పు పట్టును. మరల అదే మాట: వేడిగాలికి వాకిలి ఏది?

కూలరు త్రాగు నీటికిని వెల కలదు. దినమునకు ఎనిమిది గంటలు నడచినచో నలుబది లీటర్లు. అనగా రెండు బిందెలకు పైన. బోరు ఎండిన వేసవిలో ఆ నీరు ఎవరి కుండలోనిదో యోచింపవలెను. ఏసీ త్రాగనిది నీరు మాత్రమే. దానికి కరెంటు కావలెను, ఆ కరెంటుకై ఎక్కడనో బొగ్గు కాలవలెను. వెల చెల్లింపకుండ వచ్చు చలువ నీడ యొక్కటే.

చివరకు పొరుగువాని మాట. ప్రొద్దుటూరువంటి పట్టణములలోని ఇరుకు సందున వెలుపలి పెట్టెను ఎదుటి కిటికీవైపు త్రిప్పి బిగించినచో, మన నాలుగున్నర కిలోవాట్ల వేడి ఆ ఇంటి ఉయ్యాలమీదికి పోవును. అచ్చటి బిడ్డ నిద్రపోదు. ఆ ఇంటివారు అప్పుచేసి ఏసీ కొందురు. దాని వేడి మన సందునకే వచ్చును. ఒక్క ఇంటిదైనచో గాలిలో కలిసిపోవును. వీథి వీథియు చేసినచో ఊరే కాగును. అమెరికాలోని ఫీనిక్సు నగరమును గూర్చి 2014లో వెలువడిన పరిశోధన యొకటి, ఏసీలు విసర్జించు వేడిచే రాత్రివేళ అచ్చటి గాలి ఒక డిగ్రీకి పైగా వేడెక్కగలదని లెక్కగట్టినది. ఎడారి నగరమున మాట యది. మిద్దెలపై పడకలు వేసికొను మన ఊళ్ళకు రాత్రి చల్లబడుటయే ఉన్న ఒక్క ఊరట. దానిని ఒకరినుండి ఒకరము లాగుకొనరాదు. వెలుపలి పెట్టెను కప్పుమీదికి ఎక్కించి, వేడి ఆకాశమునకు లేచిపోవునట్లు పెట్టుట పొరుగుధర్మము.

ఇంతవరకు చెప్పినదానిని చేయవలసిన వరుసలో కూర్చినచో ఇట్లుండును. కాగిన బండిని వెలుపల చల్లారనిమ్ము. రేకుకు తెల్లపూత పూయుము. లోకప్పు వేయుము. కప్పు కొనయందు వేడిగాలికి, గోడ అడుగున క్రొత్తగాలికి త్రోవ తీయుము. ఎండ తగ్గినది మొదలు తెల్లవారువరకు ఆ త్రోవలను తెరచియుంచుము. పిదప అర కట్టుకొనుము. ఆ పైన యంత్రము. ఈ వరుసను తలక్రిందులు చేసి మొదటనే యంత్రము కొనువాడు రెండు టన్నులు కొని ఒక టన్ను చలువను పొందడు. కరెంటు బిల్లు మాత్రము రెండింటికిని చెల్లించును.

ఏసీ బిగించుటకు మనిషి వచ్చినప్పుడు అతనితో గోడవద్దకు నడచిపోయి, ఈ పెట్టెనుండి వచ్చు వేడి ఏ వైపు పోవును, అక్కడ ఎవరున్నారు అని అడుగవలెను. పిదప తలయెత్తి రేకులవైపు చూడవలెను. ఆ రెండు చూపులకు ఐదు నిమిషములు పట్టును. బిగించిన మరునాటినుండి పదివేసవులు వాటి ఫలితముననే గడచును.